కేటలాగింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: 245లో పేరు ఎక్కించడం

పోయిన పాఠంలో 020 అనే ఫీల్డులో ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే ప్రత్యేక సంఖ్య) ఎక్కించాం. ఇప్పుడు 245 ఫీల్డుకి వద్దాం. మార్క్ 21 (లైబ్రరీ కంప్యూటర్లలో పుస్తకాల వివరాలు ఎక్కించే పద్ధతి) రికార్డులో పుస్తకం పేరు ఉండేది ఇక్కడే.

ముందు పుస్తకం తెరవండి. అట్ట చూసి పేరు రాయకూడదు, లోపలి టైటిల్ పేజీ చూసి రాయాలి. అట్టమీద పేరు కుదించడం, సాగదీయడం మామూలే. ఒక ఊహా పుస్తకం తీసుకుందాం:

245 10 $ఎ వాన నీటి పొదుపు : $బి గృహస్థులకు సూచనలు / $సి ఫలానా రావు.

సబ్‌ఫీల్డ్ (ఫీల్డులో ఒక్కో భాగం) కోడ్లు నిజానికి ఇంగ్లిష్ చిన్నక్షరాలు. వీలుగా ఉంటుందని ఇక్కడ తెలుగులో వేశాను. $ఎ అసలు పేరు, $బి ఉపశీర్షిక, $సి రాసినవాళ్ల వివరం.

కోలన్, స్లాష్ ఎక్కడున్నాయో గమనించండి. కోలన్ ఉపశీర్షిక కోసం వచ్చిందే అయినా $ఎ చివర్లో ఉంది. స్లాష్ కూడా అంతే, $బి చివర్లో ఉంది. రెంటికీ ముందు ఖాళీ వదలాలి. ఇది ఐఎస్‌బీడీ (పుస్తక వివరాలు ఏ వరసలో, ఏ గుర్తులతో రాయాలో చెప్పే అంతర్జాతీయ నియమాలు) పద్ధతి. కేటలాగు కార్డుల కాలం నాటి అలవాటు, ఇంకా వదల్లేదు.

ఇక 10 సంగతి. అది పది కాదు, ఒకటి, సున్నా. ఈ రెంటినీ ఇండికేటర్లంటారు. రచయిత పేరు 100 ఫీల్డులో ఉంటే మొదటిది 1. 100, 110 (రచయిత స్థానంలో సంస్థ పేరు) లాంటివేవీ లేకపోతే 0. రెండోది అక్షరక్రమంలో పేర్చేటప్పుడు మొదట్లో ఎన్ని అక్షరాలు వదిలేయాలో కంప్యూటర్‌కి చెబుతుంది. ఇంగ్లిష్ పుస్తకం పేరు ‘ది’ (The)తో మొదలైతే దాని మూడక్షరాలు, పక్కనున్న ఖాళీ కలిపి 4 వేయాలి. మరిచిపోయి 0 వేస్తే అలాంటి పుస్తకాలన్నీ ‘టి’ కింద కుప్పపడతాయి. తెలుగు పేర్లకి ఈ బెడద లేదు, 0 వేసి ముందుకెళ్లిపోవచ్చు.

టైటిల్ పేజీలోనే అచ్చుతప్పు ఉంటే? ‘పొదుపు’ బదులు ‘పొదపు’ అని పడిందనుకోండి. దిద్దాలని చెయ్యి లాగుతుంది, దిద్దకండి. ఇప్పటి కేటలాగింగ్ నియమావళి ఆర్‌డీఏ ప్రకారం 245లో ఉన్నదున్నట్టే రాయాలి. సరైన రూపం 246లో (పేరుకున్న వేరే రూపాలు పెట్టే ఫీల్డు) పెడితే వెతికేవాళ్లకి రెండు రకాలుగానూ దొరుకుతుంది. అంతకుముందటి నియమావళి ఏఏసీఆర్2లో అయితే తప్పు పక్కనే బ్రాకెట్లలో సవరణ చూపించేవారు. నా మటుకు ఆర్‌డీఏ దారే నయం, పేరు మధ్యలో బ్రాకెట్లుంటే వెతుకులాట చెడుతుంది.

అట్టమీది పేరు వేరుగా ఉన్నా 246కే పంపాలి. అప్పుడు ఇండికేటర్లు 14. వెన్నుమీది పేరైతే 18.

అభ్యాసం: ఉపశీర్షిక ఉన్న ఒక తెలుగు పుస్తకం, ‘ది’తో మొదలయ్యే ఒక ఇంగ్లిష్ పుస్తకం తీసుకుని రెంటికీ 245 రాయండి. $సిలో రచయిత పేరు పేజీలో ఉన్నట్టే ఉంచండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తగువు 100ది, దాని పని వచ్చే పాఠంలో పడదాం.