పాత యాత్రా ముద్రాచిత్రాల్లోని శిథిలాలను ఎలా పరిశీలించాలి?

19వ శతాబ్దంలో ఈజిప్టు వెళ్లివచ్చిన యూరప్ చిత్రకారులు నైలు తీరంలోని ప్రాచీన ఆలయాలను గీయగా, ఆ చిత్రాలు వేల ఇళ్లకు ముద్రణ రూపంలో చేరాయి. వాటిని గోడకు తగిలించే అలంకారంగా చూసి వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. స్కాట్లాండ్ చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్ 1838లో గీసిన ఎడ్ఫు ఆలయ చిత్రాన్ని ఉదాహరణగా తీసుకుని, పరిశీలన ఎలా సాగాలో చూద్దాం. ఆయన చిత్రాలను అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది కనుక పాత ప్రతి చేతిలో లేనివారు కూడా మొదటి మెట్టు తప్ప మిగిలినవన్నీ చేయవచ్చు.

ముందుగా అది పాత ముద్రణో, నేటి నకలో తేల్చుకోవాలి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి చూసినప్పుడు రంగు చుక్కలు పువ్వుల్లా క్రమంగా అమరి ఉంటే అది ఆఫ్‌సెట్ (నేటి యంత్ర ముద్రణ) నకలు. రాబర్ట్స్ చిత్రాలు శిలాముద్రణలు. రాతి మీద జిడ్డు బలపంతో గీసినందువల్ల వాటిలో గరుకైన, క్రమం లేని రేణువులు కనిపిస్తాయి. రాగి లేదా ఉక్కు పలక మీద చెక్కిన చిత్రమైతే గీతలు పదునుగా ఉంటాయి. అంచులు కత్తిరించకపోతే చుట్టూ పలక ఒత్తిన గుర్తు ఉంటుంది.

తరువాత చిత్రం అడుగున ఉన్న అక్షరాలను చదవాలి. రాబర్ట్స్ గీసినదాన్ని లూయీ హాగే రాతి మీదికి ఎక్కించగా, లండన్‌లో ఎఫ్.జి. మూన్ 1842 నుంచి 1849 వరకు భాగాలుగా ప్రచురించాడు. చిత్రంలో గీసిన 1838 తేదీ స్థలాన్ని చూసిన నాటిది, ప్రచురణ సంవత్సరం వేరు. ఈ రెండింటినీ కలిపేసుకుంటే ఆ తరువాతి లెక్కంతా తప్పుతుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం నేల మట్టానికి ఇవ్వాలి. ఎడ్ఫు చిత్రంలో స్తంభాల మొదళ్లు ఎక్కడా కనిపించవు; ఇసుక, మట్టి పేరుకుపోయి, మనుషులు దాదాపు స్తంభాల తలకట్ల ఎత్తున కూర్చుని ఉంటారు. ఇది చిత్రకారుడి కల్పన కాదు. క్రీ.పూ. 237లో మొదలుపెట్టిన ఆ ఆలయం అప్పటికి చాలావరకు పూడిపోయి ఉంది, పైకప్పు మీద ఊరివాళ్ల ఇళ్లు కూడా ఉండేవి. 1860లో ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త ఆగస్ట్ మారియెట్ తవ్వకాలు మొదలుపెట్టిన తరువాతే అది బయటపడింది. తవ్వకానికి ముందటి ఆ స్థితిని ఇప్పుడు ఎవరూ వెళ్లి చూడలేరు కాబట్టి, చిత్రం అందం కంటే అందులోని ఇసుక మట్టమే విలువైన సాక్ష్యమని నా అభిప్రాయం.

అయితే మనుషుల బొమ్మలను, రంగులను అంతగా నమ్మకూడదు. ఆలయం మరింత పెద్దదిగా తోచేలా మనుషులను చిన్నగా వేయడం అప్పటి చిత్రకారులకు అలవాటు. ఎడ్ఫు ద్వార గోపురాల అసలు ఎత్తు సుమారు 36 మీటర్లు. పూడిపోయిన భాగాన్ని తీసివేసి, మనిషి బొమ్మతో పోల్చి చూస్తే అతిశయం ఎంతో తెలుస్తుంది. రంగుల విషయానికి వస్తే, చాలా ప్రతుల్లో అవి ముద్రణ తరువాత చేత్తో అద్దినవే.

చివరగా అదే స్థలం ఇప్పటి ఫొటోతో పోల్చాలి. అస్వాన్ ఆనకట్ట నీటి నుంచి కాపాడేందుకు అబూ సింబెల్ ఆలయాలను 1964–68 మధ్య పైకి తరలించారు, ఫిలే ఆలయాలను 1970లలో పక్కనున్న అగిల్కియా ద్వీపానికి మార్చారు. కనుక చిత్రంలోని నది ఒడ్డు, కొండలు ఫొటోతో కలవకపోతే, చిత్రకారుణ్ణి తప్పుపట్టే ముందు ఆ కట్టడం ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో చూసుకోవాలి.