రాత్రి డ్రైవింగ్‌లో చూపు ఇబ్బందులు: ముందు అద్దం, తర్వాత కన్ను

హైదరాబాద్ - విజయవాడ హైవే మీద నెలకు రెండుసార్లైనా తిరుగుతుంటాను. "రాత్రిపూట బండి నడిపితే చూపు ఆనట్లేదు" అని ఎవరన్నా అంటే, కారు అద్దం లోపలివైపు ఎప్పుడు తుడిచారని అడుగుతాను. కళ్ళ సంగతి ఆ తర్వాతే.

సమస్య: ఎదురు లైట్లు చీలిపోయి, చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం తేలికే. వీధిదీపాలున్న చోట బండి పక్కకి ఆపి, ఒక దీపాన్ని అద్దంలోంచి చూడండి. కిందికి దిగి అదే దీపాన్ని మళ్ళీ చూడండి. దిగాక శుభ్రంగా కనిపిస్తే తప్పు కారు అద్దానిది. దిగినా అలాగే ఉంటే కళ్ళజోడుదో, కంటిదో.

ఎండలో వేడెక్కిన డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిర్లు అద్దం లోపలివైపు జిడ్డు పొరలా పేరుకుంటాయి. పగలు అది కంటికి ఆనదు. ఎదురు లైటు పడగానే అద్దమంతా తెల్లగా మసకేస్తుంది. మా బావ కారు అద్దాన్ని తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే గుడ్డ బూడిద రంగుకి తిరిగింది. "పోయిన వారమే వాటర్ వాష్ చేయించానే!" అన్నాడు. వాటర్ వాష్‌లో బయట కడిగినంత శ్రద్ధగా లోపల ఎవరు తుడుస్తారు? మైక్రోఫైబర్ గుడ్డలు రెండు పెట్టుకోండి, ఒకటి గ్లాస్ క్లీనర్‌తో తుడవడానికి, రెండోది పొడిగా తుడవడానికి. వైపర్ గీతలు పడుతుంటే రబ్బరు మార్చేయండి.

తప్పు కంటిదైతే సొంత వైద్యం వద్దు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, అందుకే పగలు తెలియని పవర్ లోపం రాత్రి బయటపడుతుంది. శుక్లం మొదలవుతున్నా తొలి గొడవ చాలామందికి రాత్రి లైట్లతోనే. డాక్టరుకి చూపించుకుని, జోడు మారిస్తే యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ ఉన్నది తీసుకోండి. నైట్ డ్రైవింగ్ పేరుతో అమ్మే పసుపు అద్దాలు మాత్రం కొనకండి. అసలే చీకటి, ఉన్న కాస్త వెలుగునీ అవి తగ్గిస్తాయి.

సమస్య: లైట్లు దాటిపోయాక రెండు మూడు సెకన్లు ఏమీ కనపడదు

కన్ను వెలుగు నుంచి మళ్ళీ చీకటికి అలవాటు పడడానికి టైమ్ పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకాస్త ఎక్కువ. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 66 మీటర్లు. వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కు అక్కడే ఉండొచ్చు. లైటు దగ్గర పడకముందే వేగం తగ్గించి, చూపు ఎడమ అంచున ఉన్న తెల్లగీత మీదికి మార్చండి. వాడు హై బీమ్ వేశాడని మనమూ వేస్తే చూపు పోయేది ఇద్దరికీ. ఫోను, డ్యాష్‌బోర్డు వెలుగు కూడా తగ్గించుకోండి.

సమస్య: కళ్ళు మంట, ఇసుక పడ్డట్టు ఉంటుంది, కాసేపటికి నీళ్ళు

నీళ్ళు కారుతుంటే కళ్ళు పొడిబారాయని ఎవరూ అనుకోరు. తరచూ జరిగేది మాత్రం అదే. మామూలుగా నిమిషానికి 15 - 20 సార్లు కొట్టే రెప్ప, రోడ్డు మీదే చూపు నిలిపితే బాగా తగ్గిపోతుంది. దానికి తోడు ఏసీ గాలి నేరుగా మొహానికి. ఏసీ గాలిని కాళ్ళవైపు తిప్పండి. రెప్ప ఆర్పగానే మసక పోతుంటే ఇదేనని దాదాపు ఖాయం. తగ్గకపోతే డాక్టరుని అడిగి తేమనిచ్చే చుక్కలు వాడండి. ఎరుపు పోగొట్టే చుక్కలు వేరు, వాటి జోలికి వెళ్ళకండి.

సమస్య: ఎండ నేరుగా కళ్ళలో

ఈ దారిలో పొద్దున విజయవాడ వైపు వెళ్ళినా, సాయంత్రం హైదరాబాద్ తిరిగొచ్చినా సూర్యుడు ఎదురే. గంట అటూఇటూగా బయల్దేరండి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు రోడ్డు మెరుపుని బాగా కోస్తాయి, కానీ కొన్ని స్క్రీన్లు వాటిలోంచి నల్లగా కనిపిస్తాయి.

సమస్య: కళ్ళు తెరిచే ఉన్నా, పంతంగి టోల్ ఎప్పుడు దాటామో గుర్తులేదు

ఇది కంటి జబ్బు కాదు, నిద్ర. చూపు ముందున్న ఒక్క చోటే అతుక్కుపోతుంది, పక్క అద్దాలు చూడడం మానేస్తాం. కిటికీ దించడం, పాటలు గట్టిగా పెట్టడం కాసేపటి ముచ్చటే. టీ పని చేయడానికి కూడా 20 నిమిషాలు పైనే పడుతుంది. అందుకే నేను దాబా దగ్గర టీ తాగేసి, అలారం పెట్టుకుని, సీటు వెనక్కి వాల్చి అక్కడే ఓ 20 నిమిషాలు పడుకుంటాను.