క్యాన్సర్ స్కాన్‌కు వెళ్లేముందు ఏం సర్దుకోవాలి, రిపోర్టు వచ్చాక ఎలా చదవాలి

నేను హైదరాబాద్‌లో రేడియాలజిస్టుని. ఎండీ రేడియాలజీ అయ్యాక క్యాన్సర్ ఇమేజింగ్‌లో ఫెలోషిప్ చేశాను. అప్పటినుంచి చేస్తున్నది ఇదే పని. పేషెంట్లకు మేము పెద్దగా కనిపించం. మిషన్ దగ్గర ఉండేది టెక్నీషియన్, ఫలితం చెప్పేది ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టరు. మధ్యలో చీకటి గదిలో రెండు మానిటర్ల ముందు కూర్చుని ఆ బొమ్మలు చదివి రిపోర్టు రాసేది మేము. ఆపరేషన్ ముందా కీమో ముందా, ఇప్పుడిస్తున్న మందు కొనసాగించాలా మార్చాలా అన్న నిర్ణయాలు చాలావరకు ఆ రిపోర్టు మీద ఆధారపడతాయి. అది సరిగ్గా రావడంలో పేషెంటు ఇంట్లోవాళ్ల పాత్ర చాలా ఉంది. ఎలాగో చెబుతాను.

అన్నిటికంటే ముందు పాత స్కాన్లు. ఒక్క స్కాన్ చూసి ఇక్కడ మచ్చ ఉందని మాత్రమే చెప్పగలం. అది పెరుగుతోందా, తగ్గుతోందా, ఎప్పటినుంచో అలాగే ఉందా అన్నది పాతది పక్కన పెట్టి చూస్తేగానీ తేలదు. క్యాన్సర్ డాక్టరుకు ముఖ్యంగా కావలసింది ఆ జవాబే.

మహబూబాబాద్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్‌కు ముందు తీసిన సీటీలో కుడి ఊపిరితిత్తిలో 7 మిల్లీమీటర్ల మచ్చ కనిపించింది. అది పేగు నుంచి పాకినదైతే జబ్బు నాలుగో స్టేజి, వైద్యం దారే మారిపోతుంది. కాకపోతే ఆపరేషన్ అనుకున్నట్టే చేసేయొచ్చు. వాళ్ల అబ్బాయిని పిలిపించి, నాన్నకు ఇంతకుముందు ఎప్పుడైనా ఛాతీ స్కాన్ తీశారా అని అడిగాను. "లేదు మేడం" అన్నాడు. పక్కనున్న కోడలు, "అదేంది, మామ బండి మీదికెళ్లి పడ్డప్పుడు వరంగల్‌ల తీసిండ్రు గదా" అంది. ఆ సీడీ ఇంట్లో బీరువాలో చీరల కింద ఉందట. మర్నాడు తెచ్చిచ్చారు. మూడేళ్ల కిందటి ఆ సీటీలో అదే చోట అదే మచ్చ, అంతే సైజు. క్యాన్సర్ పాకిన మచ్చ సాధారణంగా మూడేళ్లపాటు పెరగకుండా ఉండదు. మచ్చ పాతదే, మారలేదని రాశాను. ఆపరేషన్ అనుకున్న రోజునే అయింది.

అందుకే క్యాన్సర్ కోసం తీసినవి మాత్రమే తెస్తే చాలదు. యాక్సిడెంట్ అప్పుడు తీసినవి, కిడ్నీ రాళ్లకు తీసినవి, కోవిడ్ టైంలో తీసిన ఛాతీ సీటీలు కూడా తీసుకురండి. 2020, 2021లో మన దగ్గర చాలామందికి ఛాతీ సీటీ తీశారు. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపించినప్పుడల్లా నేను మొదట అడిగేది దాని గురించే.

తెచ్చేటప్పుడు ఫిల్ములొక్కటే తెస్తే సగం పనే అవుతుంది. పెద్ద కవర్లో ఇచ్చే ఆ నల్ల ఫిల్ముల మీద ఉండేవి ఎంపిక చేసిన కొన్ని బొమ్మలే, అవీ చిన్నవి. సీడీలో మొత్తం స్కాన్ ఉంటుంది, పలుచటి ముక్కలుగా కొన్ని వందల బొమ్మలు. వాటిని పైకీ కిందికీ జరుపుతూ, వెలుగు మార్చుకుంటూ, మచ్చని కొలుస్తూ చూడగలం. ఫిల్ముని కిటికీకి అడ్డం పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే దాని మీద ఏదీ కొలవలేం. స్కాన్ అయిన రోజే కౌంటర్‌లో సీడీ అడిగి తీసుకోండి. లింక్ ఇస్తే వెంటనే డౌన్‌లోడ్ చేసుకోండి, కొన్నాళ్లకు అది పనిచేయకపోవచ్చు. సీడీల మీద గీతలు పడతాయి కాబట్టి ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలెవరైనా ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించి, తేదీ, స్కాన్ పేరు రాసి ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్ పెట్టించండి.

తర్వాత ఒక కాగితం. మాకు వచ్చే స్కాన్ చీటీ మీద చాలాసార్లు "సీటీ ఛాతీ, పొట్ట, ఫాలో అప్" అని మాత్రమే ఉంటుంది. మీరు ఇలా ఒక పేజీ రాసి ఫైలు పైన పెడితే మాకు బోలెడంత దారి దొరుకుతుంది:

జబ్బు: ఎడమ రొమ్ము క్యాన్సర్, బయాప్సీ 2023 ఫిబ్రవరి.
కీమో: 8 సైకిళ్లు, చివరిది 2023 ఆగస్టు.
ఆపరేషన్: 2023 సెప్టెంబర్, రొమ్ము మొత్తం తీశారు.
రేడియేషన్: 2023 డిసెంబర్‌లో అయిపోయింది.
ఇప్పుడు వాడుతున్నవి: హార్మోన్ మాత్ర రోజూ ఒకటి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్.
పాత జబ్బులు: ఇరవయ్యేళ్ల కిందట టీబీ, మందులు పూర్తిగా వాడింది.
కొత్త బాధ: రెండు నెలలుగా నడుం నొప్పి.

ఇందులో ప్రతి లైనూ మాకు పనికొస్తుంది. రేడియేషన్ ఇచ్చిన చోట ఊపిరితిత్తి కొన్ని నెలలపాటు వాచి తెల్లగా కనిపిస్తుంది. తేదీ తెలిస్తే అది రేడియేషన్ ప్రభావమని గుర్తుపడతాం, తెలియకపోతే అనుమానపడాల్సి వస్తుంది. కీమోలో తెల్లకణాలు పడిపోయాయని ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే ఆ సంగతీ రాయండి. వాటి తర్వాత పెట్ స్కాన్‌లో (ఒంట్లోకి మందు ఎక్కించి, అది పోగైన చోట్లు వెలిగేలా తీసే స్కాన్) ఎముకల మజ్జ అంతా వెలిగిపోతుంది. నడుం నొప్పి అని రాసి ఉంటే ఒక్కో వెన్నుపూసని మళ్లీ మళ్లీ చూస్తాను.

టీబీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన దేశంలో క్యాన్సర్ స్కాన్లు చదివేవాళ్లకు టీబీ నిత్యం ఎదురవుతుంది. పెట్ స్కాన్‌లో ఎక్కించే ఎఫ్‌డీజీ చక్కెర లాంటి మందు. క్యాన్సర్ కణాలు చక్కెరని ఎక్కువగా లాక్కుంటాయి, అందుకే స్క్రీన్ మీద మెరుస్తాయి. అయితే టీబీతో పోరాడుతున్న కణాలూ చక్కెరని అలాగే లాక్కుంటాయి. ఛాతీ మధ్యలో ఉబ్బిన లింఫ్ గ్రంథులు రెండిట్లోనూ ఒకేలా వెలుగుతాయి. రిపోర్టులో ఎస్‌యూవీ అని, ఆ చోటు ఎంతగా వెలుగుతోందో చెప్పే ఒక నంబర్ కనిపిస్తుంది, అది ఎంత ఎక్కువ ఉన్నా క్యాన్సరేనని దానితోనే తేల్చలేం. అలాంటప్పుడు సూదితో ముక్క తీసి పరీక్ష చేయించమని రాస్తాం. ఆ మాట చూసి చాలామంది హడలిపోతారు. పేషెంటుకు లేని స్టేజిని అంటగట్టకుండా ఉండడానికే అది రాస్తాం, దయచేసి వాయిదా వేయకండి.

ఇక స్కాన్ రోజు. పెట్ స్కాన్‌కి (పెట్ సీటీ అని కూడా అంటారు) కనీసం 6 గంటలు ఏమీ తినకూడదు, నీళ్లు తాగొచ్చు. టీ, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ కూడా వద్దు, వాటిలో చక్కెర ఉంటుంది. ముందురోజు బరువులెత్తడం, పరుగెత్తడం లాంటివి పెట్టుకోకండి. షుగర్ 200 దాటితే మందు గడ్డల్లోకి సరిగ్గా వెళ్లదు, సాధారణంగా స్కాన్ వాయిదా పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్, మాత్రలు ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో ముందురోజే సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి, సొంతంగా మానేయకండి. టైంకి రావడం ఈ స్కాన్‌కి చాలా ముఖ్యం. ఆ మందులోని ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం శక్తి సుమారు 110 నిమిషాలకోసారి సగానికి సగం పడిపోతూ ఉంటుంది. ముందురోజే తెప్పించి దాచిపెట్టుకోవడం కుదరదు. ఇంజెక్షన్ తర్వాత గంటసేపు దుప్పటి కప్పుకుని కదలకుండా పడుకోవాలి. ఫోన్ మాట్లాడితే గొంతు కండరాలు వెలుగుతాయి, చలేస్తే మెడ దగ్గర కొవ్వు వెలుగుతుంది. గొంతు క్యాన్సర్ పేషెంట్లకు ఇది మరీ ఇబ్బంది. ఇంటికెళ్లాక నీళ్లు బాగా తాగండి. ఆ రోజు పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు, గర్భిణుల పక్కన కూర్చోవద్దు.

కాంట్రాస్ట్ (బొమ్మలు స్పష్టంగా రావడానికి ఇచ్చే అయోడిన్ మందు) ఎక్కించి తీసే సీటీకి ఇటీవలి క్రియాటినిన్ రిపోర్టు, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, దగ్గర పెట్టుకోండి. ఇంతకుముందు ఇలాంటి ఇంజెక్షన్‌కి దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే సూది వేసేముందే చెప్పాలి. రొయ్యలు పడనివాళ్లకు ఈ మందు కూడా పడదని ఒక నమ్మకం ఉంది, ఆ రెండిటికీ ప్రత్యేకమైన సంబంధం లేదు. మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వేడిగా, మూత్రం వచ్చేసినట్టుగా అనిపిస్తుంది, నిమిషంలో పోతుంది. థైరాయిడ్ క్యాన్సర్ ఉండి, అయోడిన్ చికిత్స తీసుకోబోయేవాళ్లు మాత్రం ఆ మాట తప్పకుండా చెప్పాలి. కాంట్రాస్ట్‌లోని అయోడిన్ ఆ చికిత్సకి అడ్డుపడుతుంది.

ఆడవాళ్లకు ఇంకో మాట. ఛాతీ సీటీలో మంగళసూత్రం గొలుసు చారలు చారలుగా అడ్డం పడుతుంది, ఎమ్మారైకి లోహం అసలు లోపలికి రాకూడదు. తాళి తీయమంటే స్కాన్ గది గుమ్మం దగ్గర కళ్లనీళ్లు పెట్టుకునే అమ్మల్ని ఎంతోమందిని చూశాను. ముందే పుస్తెలు, గొలుసు ఇంట్లో దాచి, మెడలో పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టుకుని రండి. మట్టెలు, హెయిర్‌పిన్నులు కూడా ఇంట్లోనే పెట్టి రండి. పేస్‌మేకర్, చెవి లోపలి పరికరం, మెదడులో క్లిప్పు ఉంటే ఎమ్మారై అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. ముసలివాళ్లతో ఇంట్లో పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టించి రెండు మూడు రోజులు ప్రాక్టీస్ చేయించండి. ఊపిరి కదిలితే కాలేయం కిందికీ పైకీ జరిగి చిన్న మచ్చలు చెదిరిపోతాయి.

రిపోర్టు చేతికొచ్చాక చివర ఉండే "ఇంప్రెషన్" ముందు చదవండి. పైనున్న పేజీన్నరలో లివర్ సిస్టులు, కిడ్నీలో నీటితిత్తి, పిత్తాశయంలో రాయి లాంటివన్నీ ఉంటాయి. కనిపించింది రాయడం మా పద్ధతి, చాలావాటికి క్యాన్సర్‌తో సంబంధం ఉండదు. లీజన్ అంటే మచ్చో గడ్డో ఏదో తేడా కనిపించిందని అర్థం, ఆ మాట ఉన్నంతమాత్రాన క్యాన్సర్ కాదు. మామోగ్రామ్ రిపోర్టులో బైరాడ్స్ 4 అని చూసి నాలుగో స్టేజి అనుకుని కుప్పకూలినవాళ్లు ఉన్నారు. ఆ నంబర్ స్టేజి కాదు, అనుమానం ఎంత ఉందో చెప్పే గుర్తు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, సాధారణంగా ఆరు నెలల్లో మళ్లీ చూస్తాం. 4 అంటే ముక్క పరీక్ష చేయాలి. అందులో క్యాన్సర్ కానివీ చాలా ఉంటాయి. 5 అంటే అనుమానం 95 శాతం, అంతకంటే ఎక్కువ.

కొలతల దగ్గర కూడా ఇలాంటి టెన్షనే. వైద్యం మధ్యలో వచ్చే సీటీని నేనెలా చదువుతానో చూడండి. ఎడమ మానిటర్ మీద మొదటి స్కాన్, కుడి పక్క కొత్తది, రెండూ కలిసి జరిగేలా పెట్టుకుంటాను. కాలేయంలో రెండు గడ్డలు, 42, 28 మిల్లీమీటర్లు. ఊపిరితిత్తిలో ఒకటి 20. మొత్తం 90. మూడు సైకిళ్ల తర్వాత అవే గడ్డలు 30, 18, 12. మొత్తం 60, అంటే మూడో వంతు తగ్గింది. ప్రపంచమంతా వాడే రెసిస్ట్ 1.1 అనే పద్ధతి 2009లో వచ్చింది. దాని ప్రకారం 30 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టే. మళ్లీ మూడు నెలలకు 31, 20, 12. మొత్తం 63. ఇంట్లోవాళ్లు ఈ కాగితం పట్టుకుని, "మేడం, పెరిగింది కదా" అని పరుగెత్తుకొస్తారు. జబ్బు పెరిగినట్టు లెక్కలోకి రావాలంటే అతి తక్కువగా ఉన్న మొత్తం మీద 20 శాతం, అదీ కనీసం 5 మిల్లీమీటర్లు పెరగాలి, లేదా కొత్త గడ్డ రావాలి. ఒకే గడ్డని ఇద్దరు డాక్టర్లు కొలిస్తేనే రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. అందుకే వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే సెంటర్‌లో, ఒకే రకం స్కాన్ తీయించండి. ఒకసారి కాంట్రాస్ట్ లేకుండా సీటీ, ఇంకోసారి పెట్, మరోసారి అల్ట్రాసౌండ్ తీయిస్తే పోల్చడానికి ఏమీ మిగలదు.

కొన్నిచోట్ల ఈ లెక్క కూడా సరిపోదు. మందు బాగా పనిచేస్తున్న ఎముకలో మానుతున్న చోటు కొత్తగా తెల్లగా మారి, కొత్త మచ్చ వచ్చిందేమో అనిపిస్తుంది. ఇమ్యునోథెరపీలో కొద్దిమందికి గడ్డలు ముందు ఉబ్బి తర్వాత తగ్గుతాయి, అందుకే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ స్కాన్ తీసి నిర్ధారించుకుంటారు. అందుకే స్కాన్ గదిలో నన్ను నిలబెట్టి ఫలితం అడిగినా నేను సగం మాట చెప్పి పంపను. సర్జన్, ఆంకాలజిస్టు, ముక్క పరీక్ష చేసే పాథాలజిస్టు, మేము ట్యూమర్ బోర్డులో కూర్చుని స్క్రీన్ మీద బొమ్మలు చూస్తూ మాట్లాడుకుంటాం. కష్టమైన కేసులన్నీ తేలేది అక్కడే.

మీ ఆంకాలజిస్టుని ఈ మూడూ అడగండి: కొత్త మచ్చ ఏమైనా ఉందా, పాతవాటి మొత్తం మారిందా, తర్వాతి స్కాన్ ఎప్పుడు, ఏ రకం. రిపోర్టులో "పాత స్కాన్‌తో పోల్చి చూశాం, తేదీ ఫలానా" అన్న లైను ఉందో లేదో చూడండి. మీరు సీడీ ఇచ్చినా ఆ లైను లేకపోతే రిపోర్టు, సీడీ రెండూ పట్టుకుని అదే సెంటర్‌కి వెళ్లి అడెండమ్ కావాలని అడగండి. పాతది తెరిచి చూసి, పోల్చి, కింద తేదీ వేసి అదనంగా రాసిస్తాం. మొహమాటపడకండి.