ఫ్యూయల్ పంపు కొనే ముందు ఒకసారి వెనక సీటు ఎత్తండి

"అన్నా, ఫ్యూయల్ పంపు మార్చాలంటే ఎంతవుతుంది?" ఫోన్ ఎత్తగానే ఇదే మాట. బండికి ఏమైందో చెప్పరు, రేటు అడుగుతారు. ట్యాంకులోంచి పెట్రోల్‌ని ఇంజిన్‌కి తోసే ఆ పంపు పోయిందని తీర్పు ఎవరిచ్చారంటే, పక్క సందులో పంక్చర్లు వేసే ఆయన.

సరే, రేటే ముందు చెబుతా. చిన్న పెట్రోల్ కార్లకి ఒరిజినల్ అసెంబ్లీ, అంటే మోటారు, పెట్రోల్ వడకట్టే జాలీ, ట్యాంకులో ఎంతుందో మీటరుకి చెప్పే ఫ్లోటు అన్నీ కలిసి వచ్చేది, మోడల్‌ని బట్టి సుమారు 4,000 నుంచి 9,000 రూపాయలు. లోపలి మోటారు ఒక్కటే అయితే రాణిగంజ్‌లో 1,500 నుంచి 3,000 మధ్య దొరుకుతుంది. లేబర్ 800 నుంచి మొదలు. వెనక సీటు కింద మూత ఉన్న బండికి అరగంట పని. మూత లేని మోడళ్లకి ట్యాంకే కిందికి దించాలి కాబట్టి లేబర్ రెట్టింపు అడుగుతారు, అందులో మోసమేమీ లేదు. డీజిల్ బండ్ల హై ప్రెజర్ పంపు, కొన్ని టర్బో పెట్రోల్ బండ్లలో ఇంజిన్ మీద ఉండే రెండో పంపు వేరే కథ. వాటి ఖర్చు ఈ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు విషయం. పంపు పోయిందని నా దగ్గరికి వచ్చే ప్రతి బండికీ పంపే మార్చాలని లేదు.

సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు, వెనక నుంచి శబ్దం లేదు

కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు మూడు సెకన్లు జుయ్‌మని వినపడాలి. ఏసీ, పాటలు ఆపేసి వినండి. వినపడకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, అంటే పంపుకి కరెంటు వదిలే చిన్న స్విచ్చు డబ్బా. ఫ్యూజు బాక్సులో అదే నంబరు రిలే ఇంకోటి ఉంటుంది, చాలా బండ్లలో హారన్‌ది. రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. పైసా ఖర్చు లేని ఈ పని చేయకుండా బండిని టోయింగ్ పెట్టి తెచ్చినవాళ్లు ఎంతమందో. ట్యాంకులో పెట్రోల్ ఉందా అన్నది కూడా అడగాల్సి వస్తోంది. ఫ్లోటు ఇరుక్కుంటే మీటరు పావు ట్యాంకు చూపిస్తుంది, లోపల చుక్క ఉండదు. ఐదు లీటర్లు పోసి చూడండి.

ఇవన్నీ బాగున్నాయి, ట్యాంకు అడుగున అరచేత్తో నాలుగు దెబ్బలు వేస్తే బండి స్టార్ట్ అయింది అంటే, మోటారు బ్రష్‌లు అరిగాయి. ఇది నిజంగా పంపే. మార్చేయండి.

పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి

కీ రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే రాత్రంతా ప్రెజర్ దిగిపోతోందని అర్థం. పంపులోని వాల్వ్ కావచ్చు, ఇంజెక్టర్ కారుతుండొచ్చు. ప్రెజర్ గేజ్ పెట్టి కొలవకుండా ఏదీ కొనొద్దు.

ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పికప్ చచ్చిపోతుంది

జాలీ మూసుకుపోయి ఉంటుంది, లేదా పంపు బలహీనపడింది. గేజ్ మీద మోడల్‌ని బట్టి 3 నుంచి 4 బార్ చూపించాలి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పడిపోకూడదు. వానాకాలంలో మలక్‌పేట బ్రిడ్జి కింద నీళ్లలో దిగి వచ్చిన బండి అయితే ముందు పెట్రోల్ సీసాలో పట్టి చూడండి. ఇప్పటి పెట్రోల్‌లో కలిసే ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, నీరు ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగుతాయి. జాలీ ఉండేది ఆ అడుగునే.

ట్రాఫిక్‌లో వేడెక్కాక ఆగిపోతుంది, అరగంట ఆగితే మళ్లీ నడుస్తుంది

నా చెయ్యి కాలింది ఇక్కడే.

రెండేళ్ల క్రితం, మే నెల. ఒకాయన హ్యాచ్‌బ్యాక్ తెచ్చాడు. రోజూ పంజాగుట్ట నుంచి బయోడైవర్సిటీ దాకా ఆఫీసుకి. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర టప్పున ఆగిపోతుంది. చల్లబడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. లక్షణాలన్నీ వేడికి అలిసిపోయిన పంపువే. కప్లర్, అంటే పంపుకి వైర్లు తగిలించే ప్లగ్గు, ఊడదీసి మల్టీమీటరు పెట్టా, 12.3 వోల్టులు. కరెంటు వస్తోంది, అయితే పంపే అనుకుని కొత్తది వేశా. లేబర్‌తో కలిపి 6,800 బిల్లు. పదకొండో రోజు మళ్లీ అదే సిగ్నల్ నుంచి ఫోన్. డూప్లికేట్ అంటగట్టాడని షాపువాడిని తిట్టి రెండోది తెచ్చి వేశా, నా డబ్బులతో. ఈసారి వారం కూడా ఆగలేదు.

మూడోసారి సీటు తీసేసి, కప్లర్ ఊడదీయకుండా, వెనక వైరు పక్క నుంచి పిన్నీసు గుచ్చి, ఇంజిన్ నడుస్తుండగా కొలిచా. బ్యాటరీ దగ్గర 14.1. పంపు దగ్గర 11. కప్లర్ కాస్త కదిపితే 8కి పడింది, ఇంజిన్ ఆగింది. విప్పి చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ బెల్లం పాకం రంగుకి తిరిగి మెత్తబడి ఉంది.

కప్లర్ ఊడదీసి కొలవడమే నేను చేసిన తప్పు. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా 12 చూపిస్తుంది. కుళాయి కట్టేసి నీళ్ల ఫోర్స్ బాగుందని చెప్పినట్టే. పంపు 5 ఆంపియర్లు లాగుతుంటే దారిలో 3 వోల్టులు పోతున్నాయంటే, ఆ ఒక్క పిన్ను దగ్గర 15 వాట్ల వేడి. వేడికి పిన్ను పట్టు వదులుతుంది, పట్టు వదిలితే ఇంకా వేడి. చివరికి పంపు తిరగడానికి చాలినంత కరెంటు అందదు.

మీరు చేయాల్సింది: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ వైరుకి, తర్వాత పంపు ఎర్త్ వైరు నుంచి బ్యాటరీ మైనస్‌కి మీటరుతో వోల్టేజీ విడివిడిగా కొలవండి. ఏ పక్కనైనా అర వోల్టు దాటితే పంపు జోలికి వెళ్లకండి, ముందు వైరింగ్ చూడండి. ఇంజిన్ నడవని స్థితిలో ఉంటే కప్లర్‌కి 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు తగిలించి కీ ఆన్ చేయండి. ఆ రెండు మూడు సెకన్లలో మసకగా వెలిగితే సంగతి తెలిసిపోతుంది.

కప్లర్ కాలితే వైరు ముక్కలతో సహా కొత్తది వేయించండి, 300 నుంచి 500 అవుతుంది. మెలితిప్పి టేపు చుడితే మళ్లీ అక్కడే కాలుతుంది. ఎర్త్ పాయింటు తుప్పు పడితే ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి. ఒక్క మెలిక ఉంది: పంపు మూత మీది పిన్ను కూడా నల్లబడితే కొత్త కప్లర్‌ని అదే మళ్లీ కాలుస్తుంది. అప్పుడు మోటారు ఒక్కటి మారిస్తే లాభం లేదు, అసెంబ్లీ కొనక తప్పదు.

వేడికి ఆగినప్పుడు పంపు శబ్దం మామూలుగానే వస్తూ, సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం ముల్లు అస్సలు కదలకపోతే ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించండి.

ఈసీఎం (ఇంజిన్ కంప్యూటరు) పోవడం, ఇమ్మొబిలైజర్ (దొంగ తాళంచెవితో స్టార్ట్ కాకుండా ఆపేది), ట్యాంకుకి గాలి ఆడకపోవడం లాంటివి నేను చాలా అరుదుగా చూశా. పైవన్నీ అయ్యాక చూసుకోవచ్చు.

నిజంగా పంపే పోయిందా? ట్యాంకు పావుకి దిగాక తెరవండి, బ్యాటరీ మైనస్ తీసేయండి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండకూడదు. కొత్తది వేశాక రోజూ రిజర్వ్‌లో తిప్పకండి, ఆ మోటారుని చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే. బయట మెకానిక్ చేత చేయిస్తుంటే పాత పంపు అడిగి తీసుకోండి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా పంపు కప్లర్ దగ్గర వోల్టేజీ కొలిచి బిల్లు వెనక రాయమనండి. 13 పైన ఉంటే డబ్బులు ఇచ్చేయండి. 11 ఉంటే సీటు మళ్లీ ఎత్తమనండి.