పని చోట భద్రత – 3వ పాఠం: తృటిలో తప్పినదాన్ని రాసిపెట్టడం

గత పాఠంలో మీ షెడ్ అంతా ఒక రౌండ్ వేసి, దెబ్బ తగిలే చోట్లు ఐదు గుర్తించమన్నాను. ఈ వారం నియర్ మిస్ రాయడం నేర్చుకుందాం. అంటే ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ పాడవలేదు, కానీ కొద్దిలో తప్పింది.

నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేసిన ఒక ఫ్యాక్టరీలో కూలింగ్ వాటర్ పంపు గ్లాండ్ దగ్గర, అంటే తిరిగే షాఫ్ట్ (ఇరుసు) పక్కనుంచి నీళ్లు కారకుండా ఆపే చోట, నీళ్లు ధారగా కారేవి. ఎవరో కింద నీలం బకెట్ పెట్టారు. అది నిండినప్పుడల్లా పారబోయడం హెల్పర్ల డ్యూటీలో భాగమైపోయింది. మూడు నెలల్లో చుట్టూ నేలకు పాచి పట్టింది. ఇద్దరు జారి, రెయిలింగ్ పట్టుకుని నిలదొక్కుకున్నారట. మూడో అబ్బాయికి రెయిలింగ్ అందలేదు, మణికట్టు విరిగింది. ఆ రోజు పంపు విప్పి చూస్తే షాఫ్ట్ స్లీవ్ (షాఫ్ట్ మీది తొడుగు) గాడులు పడి ఉంది. స్టోర్స్‌లో స్పేర్ లేదు. లైన్ రెండు రోజులు ఆగింది.

మొదటివాడు జారినప్పుడే రాసి ఉంటే గ్లాండ్ ప్యాకింగ్ (లీకు ఆపడానికి షాఫ్ట్ చుట్టూ బిగించే తాడు) మార్చడంతో పోయేది. చెయ్యి విరగడానికీ, ఉత్పత్తి ఆగడానికీ కారణం ఒకటే లీకు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "చూసుకుని నడవలేవా అంటారు కదా సార్" అన్నాడు ఒక హెల్పర్. ఆ మాట అనేది నేనే. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1987లో అమెరికాలోని అల్యూమినియం కంపెనీ అల్కోవాకు పాల్ ఓనీల్ సీఈఓగా వచ్చారు. ఇన్వెస్టర్లతో తొలి సమావేశంలోనే కార్మికుల భద్రత గురించి మాట్లాడితే వాళ్లు కంగారుపడ్డారు. ఎవరికి దెబ్బ తగిలినా 24 గంటల్లో ఆ యూనిట్ అధిపతి తనకు చెప్పాలని, మళ్లీ జరక్కుండా ఏం చేస్తారో కూడా చెప్పాలని ఆయన పట్టుబట్టారు. అంత త్వరగా కబురు పైకి చేరాలంటే కింద కార్మికుడు భయపడకుండా నోరు విప్పాలి. ఆ దారి ఒకసారి తెరుచుకున్నాక మెషీన్ల సంగతులు, వృథా సంగతులు కూడా అందులోనే పైకి వచ్చాయి. పనిదినాలు పోగొట్టే గాయాలు 100 మందికి 1.86 నుంచి 2000 నాటికి 0.2కు తగ్గాయి. ఏడాది నికర లాభం ఐదు రెట్లయింది. లాభమంతా భద్రత వల్లే వచ్చిందని నేను అనను. కానీ భద్రతకు పెట్టిన ఖర్చు లాభాన్ని తినేస్తుందన్న భయం మాత్రం అక్కడ నిజం కాలేదు.

ఇక మీ వంతు. ఒక నోట్‌బుక్ తీసుకుని హాజరు వేసే పంచ్ మెషీన్ పక్కన వేలాడదీయండి, ఆఫీసు గదిలో వద్దు. ఎంట్రీ ఇలా ఉండాలి: "బి షిఫ్ట్, రాత్రి 8 గంటలు. 2వ పంపు దగ్గర నీళ్లలో కాలు జారింది, పడలేదు. గ్లాండ్ లీకు." రాసినవాళ్ల పేరు అక్కర్లేదు. "అజాగ్రత్త" అన్న మాట ఎక్కడా రానివ్వకండి. ఆ మాట కనిపించిన రోజు నుంచి ఎవరూ రాయరు.

కింద ఎర్ర ఇంకుతో మీరు రెండు లైన్లు రాయాలి: ఎవరు సరిచేస్తారు, ఎప్పటికి. తర్వాతి షిఫ్ట్ మొదలయ్యేలోపే రాయండి. పక్కన రెండు అంకెలు వెయ్యండి. ఇప్పుడు బాగు చేస్తే ఎంత, ఆ మెషీన్ ఒక షిఫ్ట్ ఆగితే ఎంత. రెండోదాంట్లో కూలి, ఆగిన సరుకు, లేటయిన డెలివరీ అన్నీ కలపండి.

వారంలో ఒక్క ఎంట్రీ కూడా రాకపోతే సంబరపడకండి. నోట్‌బుక్ దగ్గర పది నిమిషాలు నిలబడి, మొన్న ఎక్కడ కాలు జారిందో ఒక్కరిని నెమ్మదిగా అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు మీ చేత్తో రాయండి. ఆ పేజీతోనే 4వ పాఠం మొదలుపెడదాం.