తరగతిలో పిల్లలు నోరు విప్పాలంటే సహాయ ఉపాధ్యాయులు ఏం చేయాలి

ఉపాధ్యాయురాలు నల్లబల్ల దగ్గర తరగతి మొత్తాన్నీ చూసుకుంటున్నప్పుడు, వెనుక వరుసలో మౌనంగా ఉండే పిల్లవాడి పక్కన కూర్చోగలిగే తీరిక సహాయకులకే ఉంటుంది. ప్రభుత్వ బడిలో చేరినా, ప్రైవేటు బడిలో చేరినా, మొదట నేర్చుకోవలసింది ప్రశ్న అడిగాక ఆగడం. 1970లలో అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో సైన్సు తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగిన చోట జవాబులు పొడవయ్యాయని, అంతవరకు వెనకబడి ఉన్న పిల్లలు కూడా మాట్లాడసాగారని గుర్తించారు. మూడు సెకన్లంటే తక్కువే అనిపిస్తుంది గాని, పిల్లవాడి ముఖంలోకి చూస్తూ ఆగినప్పుడు అది ఎంత పొడుగో తెలుస్తుంది. ఆ సమయంలో జవాబు అందించకుండా ఉండడమే సహాయకులకు అన్నిటికన్నా కష్టమైన పని.

వరంగల్ ప్రాంతంలో మౌనానికి బిడియం ఒక్కటే కారణం కాదు; ఇంటి మాటకూ పుస్తకం మాటకూ మధ్య ఉన్న దూరం మరో కారణం. "మా నాయిన పత్తి అమ్మనీకి ఎనుమాముల పోయిండు" అని పిల్లవాడు చెప్పినప్పుడు మధ్యలో ఆపి దిద్దితే, రేపు ఆ ఒక్క వాక్యం కూడా రాదు. పూర్తిగా విని, "మీ నాన్న పత్తి అమ్మడానికి ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లారా? నువ్వూ వెళ్లావా?" అని అడిగితే, పుస్తక రూపం వాడి చెవిన పడుతుంది, సంభాషణా సాగుతుంది. మక్కలు, బర్రె, తొవ్వ వంటి మాటలు తప్పులు కావు. వాటి పక్కనే మొక్కజొన్న, గేదె, దారి అని నల్లబల్ల మీద రాస్తే సరిపోతుంది. తండా పిల్లలు అమ్మను యాడి అంటారు. ములుగు వైపు కోయ పిల్లలకూ ఇంటి భాష వేరే ఉంటుంది. అలాంటి చోట రెండు భాషలూ వచ్చిన తోటి పిల్లవాడిని జతగా కూర్చోబెట్టి, రోజుకొక మాట వాళ్లచేతనే మీరు నేర్చుకోవాలి. తప్పు పలికి నవ్వించినా నష్టం లేదు.

మాటకు వస్తువు తోడుండాలి. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు పూలు ముందు పెట్టి ఏది ముందు పేర్చాలో చెప్పమనవచ్చు. మేడారం జాతర చూసి వచ్చిన పిల్లలను అక్కడ బెల్లాన్ని బంగారం అని ఎందుకంటారని అడిగితే, ఒకరిని మించి ఒకరు చెబుతారు.

అందరి ముందు మాట్లాడడానికి జంకే పిల్ల చేత ముందు మీ చెవిలో చెప్పించి, తరువాత జతకు, ఆ తరువాత గుంపుకు చెప్పించండి. ఈమెను ఈ రోజు ఫలానా ప్రశ్న అడగండని ఉపాధ్యాయురాలికి ముందే చెప్పి ఉంచడం మేలు.

నత్తి ఉన్న పిల్లలను "నెమ్మదిగా చెప్పు" అని హెచ్చరించకూడదు, వాక్యాన్ని మీరు పూర్తి చేయకూడదు. పిలిచినా పలకని పిల్లలకు వినికిడి లోపం ఉండవచ్చు గనుక, ఏ రోజు ఎలా స్పందించారో తేదీతో నోటుబుక్కులో రాసి ఉపాధ్యాయురాలికి ఇవ్వండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం బడికి వచ్చినప్పుడు ఆ పేజీ చూపించవచ్చు.