ఆఫీసు టెలిఫోన్ ఎక్స్ఛేంజికి ప్యాచ్ ఎలా వేయాలి?

విశాఖపట్నంలో డాబా గార్డెన్స్ నుంచి గాజువాక దాకా చాలా ఆఫీసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి యూపీఎస్ పక్కన ఏదో మూల గదిలో ఉంటుంది. బిగించిన రోజు తర్వాత దాని వైపు చూసేవారు తక్కువ. పాత ఈపీఏబీఎక్స్ (తీగలతో నడిచే ఆఫీసు ఎక్స్ఛేంజి) పెట్టెకు తీగలు బాగుంటే చాలు. ఇప్పుడు దాని స్థానంలో వస్తున్న ఐపీ పీబీఎక్స్ మాత్రం నెట్‌వర్క్‌కు కలిపిన కంప్యూటరే. కంప్యూటర్‌లో బయటపడే లోపాలన్నీ దానిలోనూ బయటపడతాయి.

ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసేందుకు తయారీ సంస్థ ఇచ్చే దిద్దుబాటు) వేసి వాటిని సరిచేయకపోతే నష్టం డబ్బు రూపంలో వస్తుంది. ఆఫీసు మూసిన రాత్రి ఎవరో లోపలికి చొరబడి మీ లైన్ల మీదుగా ఖరీదైన విదేశీ నంబర్లకు వరుసగా కాల్స్ చేస్తారు, బిల్లు మీకు వస్తుంది. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్ అనే ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి లోపమే బయటపడింది. అడ్మిన్ పేజీని (సెట్టింగులు మార్చే వెబ్ పేజీని) ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన ఎక్స్ఛేంజీల్లోకి పాస్‌వర్డ్ లేకుండానే చొరబడ్డారు. అందుకే భద్రతా లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను వాయిదా వేయవద్దు. కొత్త సదుపాయాల కోసం వచ్చే అప్‌డేట్ అయితే రెండు మూడు వారాలు ఆగినా ఫరవాలేదు. 2023 మార్చిలో ఆఫీసు ఫోన్ల సాఫ్ట్‌వేర్ చేసే త్రీసీఎక్స్ సంస్థ డెస్క్‌టాప్ యాప్ అప్‌డేట్‌లోనే హానికరమైన కోడ్ కలిసిపోయి వచ్చింది. తొందరపడని వారు ఆ దెబ్బ తప్పించుకున్నారు.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఎక్స్ఛేంజి మోడల్, ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ వెర్షన్, లైసెన్సు వివరాలు, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) గడువు, బయటి లైన్లు పీఆర్ఐవో (టెలిఫోన్ సంస్థ డిజిటల్ తీగ లైన్లు) సిప్‌వో (డేటా నెట్‌వర్క్ మీదుగా వచ్చే లైన్లు) రాసుకోండి. ఆ తర్వాత ప్యాచ్‌తో వచ్చే రిలీజ్ నోట్స్ (ఏమేమి మారిందో చెప్పే పత్రం) ఓపికగా చదవండి. అందులో రెండు సంగతులు వెతకాలి. మీ వెర్షన్ నుంచి నేరుగా కొత్తదానికి వెళ్లవచ్చా, మధ్యలో మరో వెర్షన్ వేయాలా అన్నది మొదటిది. ప్యాచ్ తర్వాత ఏ సెట్టింగులు మారతాయన్నది రెండోది.

సమయం ఎంచుకోవడంలో ఊరిని బట్టి ఆలోచించాలి. ఆదివారం రాత్రి చేయమని అందరూ చెబుతారు. కానీ ఓడరేవులో పనికి ఆదివారం, అర్ధరాత్రి అన్న తేడా లేదు కాబట్టి, షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో రాత్రి రెండు గంటలకు కూడా ఫోను మోగుతుంది. ఆసుపత్రి, బీచ్ రోడ్డు హోటల్ సంగతీ అంతే. గత నెల కాల్ వివరాలు తీసి, నిజంగా ఏ గంటలో కాల్స్ తక్కువో చూసి నిర్ణయించండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను హెచ్చరిక ఉన్న రోజున ఈ పని ముట్టుకోవద్దు. 2014లో హుద్‌హుద్ రోజులు చూసినవారికి ఫోను విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక బ్యాకప్. నా లెక్కలో సగం పని ఇదే. ఎక్స్ఛేంజి లోపలే దాచిన బ్యాకప్ ఆ పెట్టె పాడైతే దానితోపాటే పోతుంది. ఆ ఫైలును వేరే కంప్యూటర్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. తీశాక అందులో ఏమేమి ఉన్నాయో తెరిచి చూడండి. ఒక హోటల్‌లో నేను ఈ మాట పట్టించుకోలేదు. సెట్టింగులన్నీ తిరిగి వచ్చాయి గాని, ‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అని చెప్పే గొంతు రాలేదు. ఆడియో ఫైళ్లు బ్యాకప్‌లో చేరలేదు. ఆ మాటలు మళ్లీ రికార్డు చేయించేదాకా ఫోను చేసిన ప్రతివారికీ నిశ్శబ్దమే వినిపించింది. ఎక్స్ఛేంజి వర్చువల్ మెషీన్‌లో (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో) నడుస్తుంటే స్నాప్‌షాట్ (ఆ క్షణంలో అది ఉన్న స్థితి మొత్తానికి నకలు) కూడా తీయండి.

ప్యాచ్ ఫైలును తయారీ సంస్థ సైటు నుంచే దించండి. ఫైలు మారలేదని తేల్చేందుకు వారు ఇచ్చిన షా-256 సంఖ్యలోని 64 అక్షరాలూ, మీరు దించిన ఫైలు నుంచి లెక్కించిన షా-256 సంఖ్యతో సరిపోవాలి. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూసుకోండి. ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) రాస్తుండగా కరెంటు పోతే పెట్టె మళ్లీ లేవకపోవచ్చు. నడుస్తున్న కాల్స్ అన్నీ ముగిశాకే మొదలుపెట్టండి. ఫ్రీపీబీఎక్స్ లోపల నడిచే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్‌లో కాల్స్ అన్నీ అయిపోయేదాకా ఆగి తనంతట తానే రీస్టార్ట్ అయ్యే ఆదేశం ఉంది, దాన్ని వాడుకోండి. మొదలయ్యాక తెర కదలడం లేదని స్విచ్ ఆపవద్దు.

ఫోన్లన్నీ ఎక్స్ఛేంజికి మళ్లీ కలిసి రిజిస్టర్ కాగానే పని అయిపోయిందనుకోకండి. ఒకసారి ప్యాచ్ వేసి ఇంటికి వెళ్లాక, ఉదయాన్నే రిసెప్షన్ అమ్మాయి ఫోను చేసింది. “సార్, నా మాట వాళ్లకు వినబడుతోంది, వాళ్ల మాట నాకు వినబడడం లేదండీ” అంది. ఎక్స్ఛేంజి బయటి ఇంటర్నెట్ చిరునామాకు సంబంధించిన సెట్టింగు పాత విలువకు జారిపోయింది. నేను రాత్రి బయటి కాల్ మోగిందా లేదా అన్నదే చూశాను, ఎత్తి మాట్లాడలేదు.

అందుకే మీ సెల్‌ఫోను నుంచి 0891తో ఆఫీసు నంబరుకు చేసి, ఎత్తించి, రెండు వైపులా అర నిమిషం మాట్లాడండి. లోపలి నుంచి బయటికి, ఒక ఎక్స్‌టెన్షన్ నుంచి మరోదానికి, కాల్ ట్రాన్స్‌ఫర్, మెనూలో అంకెలు నొక్కడం, వాయిస్ మెయిల్, రాత్రి వేళ మళ్లింపు, అన్నీ ఒక్కొక్కటిగా చూడండి. 112, 108 నంబర్లకు ఊరికే కాల్ చేయకుండా, వాటికి దారి తెరిచి ఉందో లేదో డయల్ ప్లాన్‌లో (ఏ నంబరు ఏ లైన్ మీద వెళ్లాలో చెప్పే సెట్టింగుల్లో) చూడండి.

వెనక్కి వెళ్లే గడువును పని మొదలుపెట్టకముందే పెట్టుకోండి. ఉదయం ఆరు గంటలకల్లా ఈ పరీక్షలన్నీ నెగ్గకపోతే పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లాల్సిందే. ఇంకొక్కటి సరిచేస్తే చాలనిపించే గంటలోనే తెల్లవారిపోతుంది.

మర్నాడంతా కాల్ వివరాలు గమనించండి. అడ్మిన్ పేజీ బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఇప్పుడే మూసేయండి. నోటుపుస్తకంలో కొత్త వెర్షన్, తేదీ రాయండి. చివరగా గేటు దగ్గరి వాచ్‌మన్ గదికి స్వయంగా నడిచి వెళ్లి అక్కడి ఫోను ఎత్తి చూడండి. చాలాచోట్ల అన్నిటికన్నా పాత మోడల్ అక్కడే ఉంటుంది, అది పనిచేయడం లేదని ఫిర్యాదు చేసేవారు ఉండరు.